పది రోజుల వర్క్‌షాప్‌కి ఆరు నెలల ముందే ఊరికి వెళ్ళండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు బెంగళూరులో ఆర్కిటెక్చర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నారు. వచ్చే జనవరి చివర్లో జర్మనీ నుంచి పద్దెనిమిది మంది ల్యాండ్‌స్కేప్ ప్లానింగ్ విద్యార్థులు వస్తున్నారు, మీవాళ్ళు పన్నెండు మంది కలుస్తారు. వర్తూరు దాటాక ఉన్న ఒక ఊళ్ళో, చెరువు చుట్టూ పది రోజుల వర్క్‌షాప్. అనుమతులు ఎవరి దగ్గర తీసుకోవాలి, భాష సంగతేంటి, ఊరివాళ్ళని రప్పించడం ఎలా, చివరి రోజు ప్రజెంటేషన్ ఏ హాల్లో పెడితే బాగుంటుంది అని అడిగారు. ఇలాంటి వర్క్‌షాపులు నేను పద్నాలుగేళ్ళుగా చేస్తున్నాను, ఎక్కువగా బెంగళూరు తూర్పు వైపు ఊళ్ళలోనే. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ఊరివాళ్ళని రప్పించడం గురించి ముందు చెబుతాను, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. మనం పిలిస్తే వాళ్ళు రారు, రావాల్సిన అవసరమూ వాళ్ళకి లేదు. మనమే వెళ్ళాలి. ఇప్పుడు ఆగస్టు. వచ్చే వారం నుంచే, నెలకి రెండుసార్లైనా, మీరూ మీ విద్యార్థులు ఇద్దరు ముగ్గురూ ఊళ్ళో కనిపించండి. పొద్దున ఆరున్నరకి పాల డెయిరీ దగ్గర నిలబడితే ఊరంతా ఒక్కచోట దొరుకుతుంది. క్యాన్లు పట్టుకొచ్చే ఆడవాళ్ళు, ఫ్యాట్ ఎంతొచ్చిందని చీటీ చూసుకునే రైతులు, బైకు మీద వచ్చి పాలు పోసి ఆఫీసుకి వెళ్ళిపోయే కుర్రవాళ్ళు. ఆవులకి గడ్డి ఎక్కడి నుంచి తెస్తున్నారని అడిగి చూడండి, పావుగంటలో చెరువు కథ సగం తెలిసిపోతుంది. అదే పంచాయతీ ఆఫీసులో మీటింగ్ పెడితే పది మంది వస్తారు, ఇద్దరు మాట్లాడతారు, ఆ ఇద్దరూ మగవాళ్ళే అయి ఉంటారు.

ఇంకో లాభం కూడా ఉంది. బెంగళూరులో పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో పడతాయి. జనవరిలో వచ్చే విద్యార్థులకి కాలువలో నీళ్ళు ఎటు పారతాయో, ఏ వీధిలో నిలుస్తాయో కనిపించదు. పెద్ద వాన పడ్డ రోజు మీ విద్యార్థుల్ని పంపి ఫోన్‌తోనే వీడియోలు తీయించండి. జర్మనీవాళ్ళతో ముందుగా పెట్టే ఆన్‌లైన్ క్లాసుల్లో ఆ వీడియోలు చూపించండి. ఎన్ని శాటిలైట్ ఫోటోలు చూసినా రాని అవగాహన, మోకాలి లోతు నీళ్ళలో స్కూటర్ తోసుకుంటూ వెళ్తున్న మనిషిని చూస్తే వస్తుంది. జనవరి చివరి వారం మీరు మంచి సమయమే ఎంచుకున్నారు. రాగి నూర్పిళ్ళు అయిపోతాయి, సంక్రాంతి దాటిపోతుంది, అనపకాయల సీజన్ ఇంకా కాస్త మిగిలి ఉంటుంది. డిసెంబర్లో పెట్టి ఉంటే పొలం పనుల మధ్య మీతో కూర్చునే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

మొదట్లో నేను చేసిన ఒక తప్పు చెప్పాలి, మీరు అది చేయకూడదని నా కోరిక. నా మొదటి వర్క్‌షాప్‌లో ఐదో రోజు ఒక గ్రూపు చాలా అందంగా మ్యాప్ వేసింది. చెరువు చుట్టూ 30 మీటర్ల మేర లేత ఆకుపచ్చ రంగు, అందులో చెట్లు, నడకదారి, బెంచీలు. స్కూలు గోడకి అంటించారు. ఎవరో ఫోటో తీశారు. రాత్రికల్లా ఆ ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది. తెల్లారేసరికి నలభై మంది స్కూలు ముందున్నారు. ఒక పెద్దాయన లోపలికి వచ్చి, ఆ ఆకుపచ్చ రంగు మీద వేలు ఆనించి నెమ్మదిగా అడిగాడు: "ఇది నా మునగతోట. నా పేరున పహణి (భూమి రికార్డు) ఉంది. మీరు ఏ ఆఫీసు నుంచి వచ్చారు?" ఆ మ్యాప్ వేసిన అమ్మాయి బెదిరిపోయి నా వైపు చూసింది. సర్దిచెప్పడానికి మూడు గంటలు పట్టింది. ఆ తర్వాత రెండు రోజులు ఎవరూ మాతో మాట్లాడలేదు.

ఆయన భయం ఉత్త భయం కాదు. బెంగళూరు చుట్టుపక్కల భూమి ఉన్న ప్రతి కుటుంబానికీ భూసేకరణ అంటే ఏమిటో తెలుసు. దేవనహళ్ళి తాలూకా చన్నరాయపట్న హోబళిలో (కొన్ని ఊళ్ళు కలిసిన రెవెన్యూ విభాగం) 1,777 ఎకరాల సేకరణకి వ్యతిరేకంగా రైతులు మూడేళ్ళకు పైగా ధర్నాలో కూర్చున్నారు. 2025 జూలైలో గానీ ప్రభుత్వం ఆ ఆలోచన విరమించుకున్నట్టు ప్రకటించలేదు. ఇక చెరువుల విషయానికొస్తే, 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ బెంగళూరు చెరువుల చుట్టూ 75 మీటర్ల బఫర్ అంది, అంటే ఆ మేర కట్టడాలు కూడదని, 2019లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రెండు తీర్పుల మధ్య తన పొలం అమ్ముకోవచ్చో లేదో, ఇల్లు కట్టుకోవచ్చో లేదో తెలియక తిరిగినవాళ్ళు ప్రతి చెరువు ఊళ్ళోనూ ఉన్నారు. మన విద్యార్థికి ఆకుపచ్చ ఒక రంగు, అంతే. ఆ పెద్దాయన కంటికి మాత్రం అది నోటీసు.

అప్పటి నుంచి నేను కొన్ని పద్ధతులు గట్టిగా పాటిస్తున్నాను. ఏడో రోజు దాకా రంగులు లేవు, అంతా పెన్సిలే. సొంత భూమి మీద ఏ గీతైనా పడాలంటే ముందు ఆ భూమి యజమానితో మాట్లాడి ఉండాలి. ఏ సర్వే నంబరు ఎక్కడ ఉందో కర్ణాటక ప్రభుత్వ దిశాంక్ యాప్‌లో నిలబడ్డ చోటే చూసుకోవచ్చు. మీ విద్యార్థులకి అది నేర్పండి, ఏది పట్టా భూమి, ఏది గోమాళం (పశువుల మేతకి వదిలిన ప్రభుత్వ భూమి), ఏది బి ఖరాబు అన్నవి కూడా. కాలువలు, బండిదారుల వంటి ఉమ్మడి అవసరాలకి వదిలిన భూమి బి ఖరాబు కింద ఉంటుంది, ప్లానింగ్‌లో మనకి నిజంగా చోటు దొరికేది అక్కడే. ప్రతి షీటు మీదా కన్నడలో, తెలుగులో పెద్ద అక్షరాలతో "ఇది విద్యార్థుల అభ్యాసం, ప్రభుత్వ పథకం కాదు" అని రాయించండి. చిన్న పనే, మరిచిపోతే మాత్రం చాలా ఖర్చవుతుంది.

ఊరివాళ్ళతో మ్యాప్ వేయించడం గురించి. ఈ పద్ధతి మనకి కొత్తదేమీ కాదు. నేల మీద ఊరివాళ్ళే పటం గీసే పద్ధతి దేశమంతా పాకడంలో, 1990 ప్రాంతంలో మైరాడా అనే స్వచ్ఛంద సంస్థ కర్ణాటక పల్లెల్లో చేసిన పనికి పెద్ద పాత్ర ఉంది. మీ జర్మన్ విద్యార్థులకి ఈ సంగతి తప్పక చెప్పండి, జనం భాగస్వామ్యం అనేది తాము పట్టుకొస్తున్న వస్తువు అనుకోకుండా ఉంటారు. మేము ఒకసారి పెద్ద కాగితం, స్కెచ్ పెన్నులు ఇచ్చి కూర్చోబెడితే అరగంటైనా ఒక్క ఆడమనిషి పెన్ను ముట్టుకోలేదు. "మాకు రాదు స్వామీ" అన్నారు. అప్పుడు మా తెలుగు విద్యార్థిని ఒకమ్మాయి దగ్గర్లోని ఇంటికెళ్ళి డబ్బాడు ముగ్గుపిండి తెచ్చింది. గుడి అరుగు ముందు నీళ్ళు చల్లారు. ఒక అరవై ఏళ్ళ అవ్వ కొంగు దోపుకుని, వంగి, ఒకే గీతలో చెరువు కట్ట వేసింది. తూము దగ్గర రెండు చుక్కలు. అలుగు దగ్గర గీత ఆపి, "ఇక్కడ పొంగితే కింద కుంటకి పోతుంది, ఇప్పుడు మధ్యలో అపార్ట్‌మెంట్ గోడ వచ్చింది" అని మడమతో ముగ్గు చెరిపేసింది. పది నిమిషాల్లో ఊరి నీటిపటం నేల మీద ఉంది. దక్షిణం పైకి పెట్టి గీసింది, ఎందుకంటే ఆమె రోజూ కట్ట మీద నిలబడి చూసేది అటే. ఒక విద్యార్థి ఉత్తరం పైకి రావాలని పటాన్ని తన పుస్తకంలో తిప్పి రాసుకుంటుంటే వద్దన్నాను. ఆమె ఎటు చూస్తుందో అటే ఉంచండి. తిప్పుకోవడం తర్వాత స్టూడియోలో ఎలాగూ చేస్తారు.

బయటి నుంచి వచ్చినవాళ్ళకి తెలియని ముఖ్యమైన విషయం ఒకటుంది, దీని మీద మొదటి రోజే ఒక పూట పెట్టండి. బెంగళూరులో లేక్ అని పిలిచేవన్నీ దాదాపు మనుషులు కట్టుకున్న చెరువులే. ఎత్తు మీద ఉన్న ఊరు ఇది, ఏడాదంతా పారే నది పక్కన లేదు, తాగే కావేరి నీళ్ళు దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎక్కించి తేవాల్సిందే. అందుకే ఏ వాలుకి ఆ వాలు కట్టలు కట్టారు. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్ళు రాజకాలువలో (చెరువుల్ని కలిపే పెద్ద వాననీటి కాలువ) పడి కింది చెరువుకి చేరతాయి. బెళ్ళందూరు నిండితే వర్తూరు, అక్కడి నుంచి దక్షిణ పినాకిని, ఆపై తమిళనాడులోని కెలవరపల్లి డ్యామ్. కాబట్టి మీ ఊరి చెరువు ఒక్కదాన్నే విడిగా ప్లాన్ చేయడం కుదరదు. పైచెరువు దగ్గర మొదలుపెట్టి కిందిచెరువు దాకా కాలువ వెంట ఒకరోజు అందరినీ నడిపించండి. బూట్లు పాడవుతాయి, వాసన వస్తుంది, అయినా నడిపించండి. ఊరికి వెళ్ళే ముందు జక్కూరు చూపించండి, శుద్ధి చేసిన మురుగునీరు తుంగల గుండా చెరువులోకి ఎలా వస్తుందో తెలుస్తుంది. సర్జాపూర్ రోడ్డులో కైకొండ్రహళ్ళి చెరువు చూపించండి, చుట్టుపక్కల జనం కార్పొరేషన్‌తో కలిసి బాగుచేయించుకున్నది. నురగకీ మంటలకీ వార్తల్లోకెక్కిన బెళ్ళందూరు కట్ట మీద కూడా ఒక గంట నిలబెట్టండి. ఈ మూడూ ఒకే రోజులో అవుతాయి, ట్రాఫిక్ కారణంగా పొద్దున ఏడుకే బయల్దేరాలి.

మాటల దగ్గర కూడా శ్రద్ధ పెట్టండి. యూరప్ విద్యార్థులు 2000లో ఫ్లోరెన్స్‌లో కుదిరిన యూరోపియన్ ల్యాండ్‌స్కేప్ ఒప్పందం చదువుకుని వస్తారు. జనం ఎలా చూస్తే ల్యాండ్‌స్కేప్ అలా అని, మామూలు చోట్లు, పాడైన చోట్లు కూడా అందులోవేనని ఆ ఒప్పందం అంటుంది. మంచి మాటే. కానీ ఆ ల్యాండ్‌స్కేప్ అన్న మాటకి ఊళ్ళో సమానమైన పదం దొరకదు. అడగడం మానేసి, ఉన్న పదాలు ఏరుకోండి. అలుగు అని కోస్తాలో అంటాం, సీమవాళ్ళు మరవ అంటారు, ఇక్కడ కన్నడంలో కోడి. తూముని తూబు అంటారు. ఊరి ఉమ్మడి చెట్లతోపు గుండుతోపు. పాత రోజుల్లో తూము తీసి పొలాలకి నీళ్ళు పంచిన మనిషి నీరుగంటి, ఆ ఇంటివాళ్ళు చాలా ఊళ్ళలో ఇంకా ఉన్నారు, వెతికి కలవండి. స్టూడియో గోడ మీద ఒక పెద్ద చార్టు పెట్టి రోజూ విన్న కొత్త పదాలు తెలుగు, కన్నడం, ఇంగ్లిష్, జర్మన్‌లలో రాయించండి. మా వర్క్‌షాపుల్లో అందరికన్నా ఎక్కువ వాడుకున్నది ఆ చార్టే.

భాష గురించి మీరు "ఆ ఊళ్ళో అందరూ తెలుగే, మనకి ఇబ్బంది లేదు" అని రాశారు. ఇక్కడ కొంచెం ఆగండి. వర్తూరు, హొసకోటె, ఆనేకల్ వైపు ఊళ్ళలో రైతు కుటుంబాలు చాలావరకు ఇంట్లో తెలుగే మాట్లాడతాయి, నిజమే. మనం "ఏమన్నా, బాగుండావా" అనగానే కుర్చీ వేసి కాఫీ ఇస్తారు. ఆ సుఖానికి అలవాటు పడితే మనం భూమి ఉన్న ఇళ్ళలోనే తిరుగుతూ ఉంటాం. దళితుల కాలనీలో కన్నడమో తమిళమో మాట్లాడవచ్చు. చెరువు వెనక రేకుల షెడ్లలో రాయచూరు, యాదగిరి నుంచి వచ్చిన కూలీలు, బెంగాల్, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు ఉంటారు. చెరువు నీళ్ళకి అందరికన్నా దగ్గరగా బతికేది వాళ్ళే, వరద వస్తే మొదట మునిగేదీ వాళ్ళ షెడ్లే. ప్రతి గ్రూపులోనూ ఒక కన్నడ విద్యార్థి తప్పక ఉండాలి, ఒక గ్రూపుకైనా హిందీ బాగా వచ్చినవాళ్ళు ఉండాలి. ముప్పై మందిని ఆరుగురు చొప్పున ఐదు గ్రూపులు చేయండి, ప్రతి గ్రూపులోనూ ఇరుదేశాల వాళ్ళూ కలిసే ఉండాలి. అనువాదం చేసేవాళ్ళని ఇంకో పనికి పెట్టకండి, వాళ్ళకి డబ్బులివ్వండి. రెండు గంటలు రెండు వైపులా మాట చేరవేస్తే ఎవరైనా అలసిపోతారు.

విద్యార్థులు మొదట గీసేది ఎప్పుడూ నడకదారీ, కంచే. నగరంలో బాగుపడ్డ చెరువులు చాలావరకు అలాగే ఉంటాయి, వాళ్ళు చూసిందే గీస్తారు. వాళ్ళని తెల్లవారుజామున కట్ట మీద కూర్చోబెట్టి, వచ్చిపోయే ప్రతి మనిషినీ రాసుకోమనండి. గడ్డి కోసే ఆమె, పొన్నగంటికూర ఏరే ఆమె, వల వేసే కాంట్రాక్టు మనిషి, ఆవుల్ని కడిగే పిల్లవాడు, బట్టలు ఉతికేవాళ్ళు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నడిచే అపార్ట్‌మెంట్ వాళ్ళు. తర్వాత ప్రతి డిజైన్‌కీ ఒకే ప్రశ్న: ఇది కట్టాక ఈ జాబితాలో ఎవరు రాలేకపోతారు? నేను ఏ మార్కులకన్నా ఈ ప్రశ్నకి జవాబే ఎక్కువ చూస్తాను.

అనుమతుల సంగతి త్వరగా చెప్పేస్తాను. చెరువు ఎవరి అధీనంలో ఉందో మొదట తేల్చుకోండి: నగరపాలికా, అటవీశాఖా, చిన్న నీటిపారుదలా, పంచాయతీనా అన్నది ఊరూరికీ మారుతుంది. వాళ్ళకి, గ్రామ పంచాయతీ అయితే పీడీఓకి (పంచాయతీ అభివృద్ధి అధికారి), స్కూలు హెడ్‌మాస్టర్‌కి, పోలీస్ స్టేషన్‌కి కన్నడలో ఉత్తరాలు ఇచ్చి, చేరినట్టు ముద్ర వేయించుకోండి. విదేశీ విద్యార్థులకి మీ కాలేజీ ఆహ్వానపత్రం ముందే పంపి, ఏ వీసా సరిపోతుందో అక్కడి భారత రాయబార కార్యాలయంలో వాళ్ళనే అడిగి తెలుసుకోమనండి. వాళ్ళు దిగిన 24 గంటల్లోపు వసతి ఇచ్చినవాళ్ళు ఎఫ్ఆర్ఆర్ఓకి (విదేశీయుల నమోదు కార్యాలయం) ఆన్‌లైన్‌లో వివరాలు పంపాలి, హోమ్‌స్టే అయినా సరే. డ్రోన్లు తీసుకురావద్దని ముందే రాయండి. 2022 నుంచి మన దేశంలోకి డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది, పైగా హెచ్ఏఎల్ విమానాశ్రయం దగ్గర్లోనే. ట్రెక్కింగ్‌లో వాడే శాటిలైట్ మెసేజ్ పరికరాలూ వద్దు, అనుమతి లేకుండా అవి ఇక్కడ చట్టవిరుద్ధం. కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బునీళ్ళతో కడిగి అదే రోజు టీకాకి వెళ్ళాలని మొదటి రోజే అందరికీ చెప్పండి. చెరువుల దగ్గర ఇది నిజంగా అవసరపడుతుంది.

భోజనం బయటి కేటరింగ్‌కి ఇవ్వకండి. ఊళ్ళో స్త్రీశక్తి సంఘం ఉంటే వాళ్ళకే ఇవ్వండి. డబ్బు ఊళ్ళోనే ఉంటుంది, వంట దగ్గర జరిగే మాటలు ఏ ఇంటర్వ్యూలోనూ దొరకవు. విద్యార్థులు అనపకాయలు ఒలుస్తూ, పితికిపప్పు చేయడం నేర్చుకుంటూ విన్నదే వాళ్ళ నోటుపుస్తకాల్లో బాగుంటుంది. సగం రోజు మీతో తిరిగిన రైతుకి, కూలికి వెళ్ళకుండా మీతో ఉన్న ఆమెకి ఆ సగం రోజు కూలి ఇవ్వండి. కొందరు పెద్దలు తీసుకోరు. వాళ్ళకి ఇంకోలా మర్యాద చేయండి.

పది రోజుల లెక్క. మొదటిది విశ్రాంతి, పరిచయాలు. రెండో రోజు మూడు చెరువులు. మూడు, నాలుగు, ఐదు ఊళ్ళో. ఆరో రోజు సెలవు. మీ విద్యార్థులకే కాదు, ఊరికీ మన నుంచి ఒకరోజు సెలవు కావాలి. ఏడు స్టూడియో. ప్రజెంటేషన్ ఎనిమిదో రోజు సాయంత్రం, పదో రోజు కాదు. చివరి రోజు పెడితే చప్పట్లు కొట్టి ఫోటోలు తీసుకుని విమానం ఎక్కేస్తారు, ఊరివాళ్ళు చెప్పిన అభ్యంతరాలు గాల్లో కలిసిపోతాయి. ఎనిమిదిన పెడితే తొమ్మిదో రోజంతా దిద్దుకోవచ్చు, పదిన దిద్దినవి మళ్ళీ తీసుకెళ్ళి చూపించవచ్చు.

హాల్ అడిగారు. హాల్ వద్దు. గుడి ముందో, స్కూలు ఆవరణలోనో, సాయంత్రం పాలు పోయడం అయ్యాక, ఏడింటికి పెట్టండి. ప్రొజెక్టర్ బదులు కట్టెల ఫ్రేముకి తగిలించిన పెద్ద షీట్లు, మట్టితో చేసిన ఒక మోడల్. మోడల్ అయితే చేత్తో తాకి మాట్లాడతారు. ప్రతి గ్రూపుకీ ఐదు నిమిషాలు, మాట్లాడేది ఇక్కడి విద్యార్థి, వివరాలు అడిగితే చెప్పేది అక్కడి విద్యార్థి. ఆ తర్వాత షీట్ల ముందు గిన్నెలు పెట్టి మనిషికి ఐదు అనపగింజలు ఇవ్వండి, నచ్చినదాని ముందు వేస్తారు. గింజలు లెక్కపెట్టడంతో ఆపకండి, ఎందుకు వేశారో పక్కన నిలబడి రాసుకోండి.

ఏ హామీ ఇవ్వకండి. "ఇది కట్టిస్తారా?" అని తప్పకుండా అడుగుతారు. లేదు, మేము విద్యార్థులం, ఈ పటాలు మీవి, పంచాయతీకి అర్జీ పెట్టుకోవడానికి పనికొస్తాయి అని సూటిగా చెప్పండి. ఒక చిన్న పని మాత్రం చేసి వెళ్ళగలిగితే బాగుంటుంది. మేము ఒక ఊళ్ళో, అధికారుల అనుమతితో, కాలువ చెరువులో కలిసే చోట చెత్త ఆపే జాలీ పెట్టించాం. దాన్ని ఎవరు శుభ్రం చేస్తారన్నది ముందే ఊళ్ళో మాట్లాడుకున్నాం కాబట్టి అది నిలిచింది.

ఇక బడ్జెట్‌లో ఎవరూ రాయని ఖర్చు ఒకటుంది, దాన్ని ఇప్పుడే రాయండి: ఏప్రిల్‌లో ఊరికి తిరిగి వెళ్ళడానికి. ఇద్దరు విద్యార్థులు, ఒక బండి, కన్నడలోనూ తెలుగులోనూ అచ్చువేసిన పన్నెండు పేజీల పుస్తకం నూరు కాపీలు, ల్యామినేట్ చేసిన పెద్ద నీటిపటం రెండు. ఒకటి పంచాయతీలో, ఒకటి పాల డెయిరీ గోడ మీద. డెయిరీలో పెట్టే పటం, ఆ అవ్వ పటంలాగే, ఊరివాళ్ళు ఏ దిక్కు పైకి పెట్టి గీశారో అదే పైకి ఉండనివ్వండి, పక్కన దారంతో ఒక మార్కర్ కట్టండి. మేము వర్క్‌షాప్ చేసిన ఒక ఊరికి రెండేళ్ళ తర్వాత వెళ్తే ఆ పటం మీద మూడు కొత్త బోరుబావులు, మూసుకుపోయిన ఒక కాలువ ఊరివాళ్ళే గుర్తుపెట్టి ఉన్నారు.